తెల్లపులి మోజు ఇక చాలు

జూకు వెళ్లొచ్చిన పిల్లల్ని ఏం చూశారని అడిగితే చాలామంది నోట ముందొచ్చేది తెల్లపులి మాటే. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల పెద్ద జూ ఏదీ లేదు. నందివెలుగు లాంటి ఊళ్ల బడిపిల్లలు పెద్దపులిని కళ్లారా చూడాలంటే హైదరాబాద్‌కో, విశాఖకో, తిరుపతికో విహారయాత్ర వెళ్లాల్సిందే. హైదరాబాద్‌లో నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963 నుంచి, విశాఖలో ఇందిరాగాంధీ జూ 1977 నుంచి, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర జూ 1987 నుంచి నడుస్తున్నాయి. మూడూ తెల్లపులుల్ని చూపిస్తూ వచ్చినవే. తెల్లపులి ఎన్‌క్లోజర్ దగ్గర జనం గుమిగూడతారు, పక్కనున్న మామూలు పెద్దపులిని ఒక చూపు చూసి ముందుకు నడుస్తారు. అరుదైనది కనిపిస్తే కన్ను అటు తిరగడం సహజం, దాన్ని తప్పుపట్టే పని లేదు. తప్పుపట్టాల్సింది ఆ చూపు కోసం జంతువును తయారుచేయడాన్ని. తెల్లరంగు కోసం పులుల్ని జతకట్టించడం మన జూలు పూర్తిగా ఆపేయాలి. ఉన్నవాటిని చివరిదాకా బాగా చూసుకోవాలి, కొత్తవాటిని పుట్టించకూడదు. ఇలా ఎందుకు అంటున్నానో చెప్పడానికి ముందు అసలు ఆ తెలుపు ఎక్కణ్నుంచి వచ్చిందో చూడాలి.

చాలామంది తెల్లపులిని వేరే జాతి అనుకుంటారు, మంచు ప్రదేశాల నుంచి తెచ్చారని కూడా అనుకుంటారు. రెండూ నిజం కాదు. అది మన పెద్దపులే. జంతువుల వెంట్రుకలకు రంగునిచ్చే పదార్థాలు ముఖ్యంగా రెండు. నలుపు, ముదురు గోధుమ ఛాయలిచ్చేది యూమెలనిన్. ఎరుపు, పసుపు ఛాయలిచ్చేది ఫియోమెలనిన్. తెల్లపులిలో ఈ రెండోది తయారుకావడం దాదాపు ఆగిపోతుంది. అందుకే నారింజ రంగు ఉండాల్సిన చోట తెలుపు వస్తుంది, చారలు మాత్రం ముదురుగా మిగిలిపోతాయి. కళ్లు నీలంగా ఉంటాయి. చారలున్నాయి కాబట్టి దీన్ని ఆల్బినో అనడం కూడా సరికాదు. 2013లో పెకింగ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చైనాలోని ఒక సఫారీ పార్కు పులుల కుటుంబాన్ని పరిశీలించి, ఈ మార్పుకు మూలం ఎస్ఎల్‌సీ45ఏ2 అనే జన్యువులో ఉందని తేల్చారు. ఆ జన్యువు చెప్పిన ప్రకారం తయారయ్యే ప్రొటీన్‌లో 477వ స్థానంలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది. ఇది అంతర్గత లక్షణం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, మారిన జన్యువు రెండు ప్రతులూ వస్తేనే కూన తెల్లగా పుడుతుంది. ఒక్క ప్రతే ఉన్న పులి చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, ఆ లక్షణాన్ని లోపల మోస్తూ తిరుగుతుంది.

ఇక నారింజ రంగు పులికి ఎందుకు? మన కంటికి అది పచ్చని అడవిలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కానీ పులి వేటాడే దుప్పులకు, కణుజులకు మనలాగా ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. వాటి కంటికి నారింజ రంగు కూడా ఆకుల రంగులోనే కలిసిపోతుంది. బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ఈ సంగతిని కంప్యూటర్ బొమ్మలతో పరీక్షించి చూపించారు. అంటే నల్లమలలో, విస్తీర్ణంలో దేశంలోనే అతి పెద్దదైన నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యంలో తిరిగే పెద్దపులి ఒంటి రంగు, తరతరాల వేటలో నెగ్గి నిలిచిన రంగు. దాని ముందు ఒక్క నిమిషం కూడా నిలబడకుండా తెల్లదాని వైపు నడుస్తున్నామంటే, పులి ఎందుకలా ఉందో మన జూలు మనకు చెప్పలేదన్నమాట.

తెల్లపులుల కథ మధ్యప్రదేశ్‌లోని రేవా నుంచి మొదలవుతుంది. 1951లో అక్కడి అడవిలో వేటలో తల్లి పులిని చంపాక తెల్లటి మగకూన ఒకటి మిగిలింది. రేవా మహారాజు మార్తాండ్ సింగ్ దాన్ని పట్టించి, గోవింద్‌గఢ్ కోటలో పెంచి, మోహన్ అని పేరు పెట్టారు. పెద్దయ్యాక బేగం అనే మామూలు రంగు ఆడపులితో జతకట్టించారు. ఎన్ని కాన్పులైనా ఒక్క తెల్లకూన పుట్టలేదు. పైన చెప్పిన లెక్క ప్రకారం పుట్టే వీలే లేదు. బేగంలో ఆ జన్యువు లేదు, పిల్లలన్నీ తండ్రి నుంచి ఒక్కో ప్రతి అందుకుని మామూలు రంగులో పుట్టాయి. అప్పుడు ఆ పిల్లల్లో ఒకటైన రాధను తండ్రి మోహన్‌తోనే జతకట్టించారు. 1958లో రాధ నాలుగు తెల్లకూనల్ని కన్నది. వాటిలో మోహిని అనేదాన్ని 1960లో అమెరికాకు పంపారు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సమక్షంలో ప్రదర్శించి వాషింగ్టన్ జూకు ఇచ్చారు. అక్కడ మోహినిని సాంప్సన్ అనే మగపులితో జతకట్టించారు. సాంప్సన్ రాధకు తోడబుట్టినవాడు, మోహన్ కొడుకు. అంటే మోహినికి అటు మేనమామా అవుతాడు, ఇటు ఒకే తండ్రి బిడ్డా అవుతాడు. ఇవాళ ప్రపంచంలో జూలలో ఉన్న తెల్లపులుల్లో చాలా భాగం మోహన్ వంశానివే. మధ్యలో 1980లో ఒడిశాలోని నందన్‌కానన్‌లో మామూలు రంగు జంటకు తెల్లకూనలు పుట్టి ఇంకో శాఖ మొదలైంది. అక్కడా వాటిని పెంచిన పద్ధతి ఇదే.

మేనరికాల గురించి డాక్టర్లు చెప్పేది మన జిల్లాల్లో వినని ఇల్లు ఉండదు. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే పుట్టే బిడ్డలో, ఏ జన్యువు తీసుకున్నా, దాని రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం పదహారింట ఒక వంతు. మేనమామ, మేనకోడళ్ల మధ్య అయితే ఎనిమిదింట ఒక వంతు. తండ్రీ కూతుళ్ల మధ్య అయితే నాలుగింట ఒక వంతు. మోహన్, రాధల కూనలు ఈ మూడో లెక్కలోవి. పైగా అది ఒక తరంతో ఆగలేదు. తెల్లరంగు జన్యువు రెండు ప్రతులూ కలవాలని దగ్గరివాటినే మళ్లీ మళ్లీ జతకట్టిస్తూ పోతే, కలిసేది ఆ ఒక్క జన్యువే కాదు. మామూలుగా ఒక్కో ప్రతిగా దాగి ఉండి ఏ కీడూ చేయని లోపాలన్నీ అదే దారిలో జంటలై బయటపడతాయి. మేనరికం వద్దని వందేళ్ల అలవాటును కూడా మార్చుకోమని మనుషులకు చెబుతున్న సమాజం, నోరులేని జంతువుకు అంతకన్నా దగ్గరి సంబంధాన్ని కట్టబెట్టి, పుట్టినదాన్ని చూపించి టికెట్ కొట్టడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

దగ్గరి సంబంధాల సంగతి పక్కనపెట్టినా ఆ రంగుకే ఒక మూల్యం ఉంది. తెల్లపులుల్లో మెల్లకన్ను తరచు కనిపిస్తుంది. దీన్ని చాలా కాలం విచిత్రంగానే చూశారు. 1973లో గిల్లెరీ, కాస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మోహిని వంశానికి చెందిన ఒక తెల్లపులి మెదడును పరిశీలించి 'సైన్స్' పత్రికలో కారణం రాశారు. కంటి నుంచి మెదడుకు వెళ్లే నరాల్లో కొన్ని తమ వైపే ఉండాలి, కొన్ని అవతలి వైపుకు దాటాలి. రెండు కళ్ల చూపూ ఒక్కటై దూరం, లోతు తెలియాలంటే ఈ పంపకం సరిగ్గా జరగాలి. తెల్లపులిలో తమ వైపే ఉండాల్సిన నరాలు కొన్ని దారితప్పి అవతలికి పోయాయి. సయామీ పిల్లుల్లోనూ, ఆల్బినో జంతువుల్లోనూ ఇదే జరుగుతుంది. కన్ను ఏర్పడే దశలో రంగు పదార్థం తగినంత లేకపోతే నరాల దారి దెబ్బతింటుందని దాన్ని బట్టి అర్థమైంది. కాబట్టి మెల్లకన్ను పైపై వంక కాదు. గురిచూసి దూకి బతకాల్సిన జంతువుకు దూరం అంచనా వేసే శక్తే పోతోంది. నీలి కళ్లు ఎంత అందంగా ఉన్నాయో అని మనం మురిసిపోతున్న చోట ఉన్నది ఇదీ.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. తెల్లపులి మనిషి సృష్టి కాదు, ప్రకృతిలో పుట్టిందే. మోహన్‌ను జూలో తయారుచేయలేదు, అడవిలో పట్టుకున్నారు. అంతకు ముందు కూడా వందల ఏళ్లుగా మన అడవుల్లో తెల్లపులులు కనిపించిన దాఖలాలున్నాయి, వేటగాళ్లు కాల్చినవాటిలో బాగా ఎదిగినవీ ఉన్నాయి. అంటే ఆ రంగుతో అవి అడవిలో బతికాయి. అడవిలో చివరి తెల్లపులిని 1958లో కాల్చారు. 2013 నాటి పరిశోధకులే తెల్లరంగు పులుల సహజ వైవిధ్యంలో భాగమనీ, జూలలో కనిపించే లోపాల్లో ఎక్కువ దగ్గరి సంబంధాల వల్ల వచ్చినవేననీ అన్నారు. అలాంటప్పుడు ఆ వైవిధ్యాన్ని జూలలోనైనా కాపాడటం మంచిది కాదా అన్నది ప్రశ్న. ఈ వాదనలోని వాస్తవాలన్నీ ఒప్పుకుంటాను, ముగింపును మాత్రం ఒప్పుకోను. ఒక జన్యువు వైవిధ్యంగా బతకాలంటే అది వేలాది జంతువుల మధ్య, మామూలు రంగు పులుల ఒంట్లో దాగి, ఎప్పుడో ఒకసారి బయటపడుతూ ఉండాలి. నాలుగు గోడల మధ్య ఒకే వంశాన్ని తిప్పి తిప్పి నిలబెట్టిన రంగు ఆ వైవిధ్యానికి ప్రతినిధి కాదు. జూ తెల్లపులుల్ని అడవిలో వదిలి సంఖ్య పెంచే కార్యక్రమమూ లేదు. అడవిని వదిలేస్తే అడవే తన పని చేసుకుంటుంది. 2017లో నీలగిరి కొండల్లో బాగా లేత రంగులో ఉన్న పులి ఫొటోకు చిక్కింది. కాజీరంగాలో బంగారు రంగు పులి తిరిగిన ఫొటోలు 2020లో దేశమంతా చూసింది. వాటిని ఎవరూ జతకట్టించలేదు.

ఇక్కడ ఇంకో సంగతి కూడా తేల్చుకోవాలి. వింత రంగంతా లోపమే అనడం నా ఉద్దేశం కాదు. చిరుతపులుల్లో నల్ల చిరుత ఉంది. అదీ అంతర్గత జన్యువు వల్ల వచ్చేదే, అదీ వేరే జాతి కాదు, ఎండ వెలుగులో చూస్తే నలుపు కింద మచ్చలు కనిపిస్తాయి. కానీ అది తేమ ఎక్కువగా ఉండి, వెలుగు తక్కువ చొరబడే దట్టమైన అడవుల్లో ఎక్కువగానూ, పొడి నేలల్లో తక్కువగానూ ఉంటుంది. ఆ నలుపుకు అక్కడ ఏదో ప్రయోజనం ఉంది కాబట్టే తరతరాలుగా నిలిచింది. కెనడా పడమటి తీరంలోని కొన్ని దీవుల్లో నల్ల ఎలుగుబంట్లలో కొన్ని తెల్లగా పుడతాయి. పగటిపూట వాగులో సాల్మన్ చేపల్ని పట్టడంలో తెల్లవాటికి నల్లవాటికన్నా ఎక్కువ విజయం దొరుకుతోందని 2009లో పరిశోధకులు చూపించారు. ఆకాశం వైపు చూసే చేపకు తెల్లటి ఒళ్లు తక్కువగా ఆనుతుందన్నది వాళ్ల వివరణ. మన రాష్ట్ర జంతువు కృష్ణజింకనే చూడండి. ఆడవీ పిల్లలూ లేత గోధుమ రంగులో ఉంటాయి, మగది ఎదిగేకొద్దీ నల్లబడుతుంది. మందలో దాని స్థానాన్ని ఆ నలుపే చాటుతుంది. ఈ మూడు రంగుల్నీ ఎంచింది బతుకుతెరువు. జూలోని తెల్లపులి రంగును ఎంచింది టికెట్ కౌంటర్. నా వాదనంతా ఈ తేడా మీదే నిలబడి ఉంది.

ఈ తేడా ఎంత పెద్దదో చూడాలంటే మన పక్క రాష్ట్రం ఒడిశాలోని సిమిలిపాల్‌కు వెళ్లాలి. అక్కడ కొన్ని పులులకు చారలు వెడల్పై, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, వీపంతా నల్లటి కంబళి కప్పినట్టు ఉంటుంది. అడవిలో ఇలాంటి పులులున్న చోటు ప్రపంచంలో ఇదొక్కటే. 2021లో బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర పరిశోధన కేంద్రానికి చెందిన ఉమా రామకృష్ణన్ బృందం దీని మూలాన్ని టాక్‌పెప్ అనే జన్యువులో కనుక్కున్నది. ఇళ్లల్లో తిరిగే కొన్ని పిల్లుల ఒంటి మీద చారలకు బదులు పెద్ద సుడుల్లాంటి మచ్చలు వచ్చేదీ, ఆఫ్రికాలో 'కింగ్ చీతా'గా పేరుపడిన చీతాకు మచ్చలు కలిసి పట్టీలయ్యేదీ ఇదే జన్యువులో మార్పుల వల్లే. అయితే మిగతా అడవుల పులుల్లో కనిపించని మార్పు సిమిలిపాల్‌లో ఇంత ఎక్కువగా ఎందుకుంది? ఆ అడవి పులులు మిగతా పులుల నుంచి తెగిపోయాయి. సంఖ్య తగ్గింది, బయటి నుంచి వచ్చేవి లేవు, ఉన్నవే తమలో తాము జతకట్టాయి. ఎక్కడో ఒకటిగా మొదలైన మార్పు ఆ చిన్న గుంపులో అదాటున పెరిగిపోయింది. అంటే సిమిలిపాల్ నల్లపులి అందం వెనక ఉన్నది ఒంటరితనం. ఆ పులి ఒళ్లే, ఆ అడవి మిగతా అడవుల నుంచి విడిపోయిందని చెబుతోంది.

ఒడిశా అటవీ శాఖ దీనికి ఏం చేసిందో గమనించాలి. నల్లపులి పేరుతో పర్యాటకుల్ని పిలిచే ఆలోచనలు అక్కడా ఉన్నాయి, బారిపద దగ్గర నల్లపులుల సఫారీ పెడతామని 2024 జనవరిలో ప్రభుత్వం ప్రకటించింది. కానీ అడవి విషయం వచ్చేసరికి అదే ఏడాది చివర్లో మహారాష్ట్రలోని తాడోబా నుంచి జమున, జీనత్ అనే రెండు మామూలు రంగు ఆడపులుల్ని తెచ్చి సిమిలిపాల్‌లో వదిలారు. కొత్త రక్తం కలపడమే లక్ష్యం. జీనత్ హద్దు దాటి ఝార్ఖండ్ మీదుగా పశ్చిమ బెంగాల్ దాకా వెళ్లిపోతే, డిసెంబరు ఆఖర్న మత్తుమందిచ్చి పట్టుకుని వెనక్కి తెచ్చారు. ఇంత శ్రమ, ఇంత ఖర్చు ఎందుకు? రేపు పుట్టే కూనల్లో నలుపు తగ్గినా సరే, పులులు ఆరోగ్యంగా ఉండాలని. ఒక చోట వింత రంగును పలచన చేయడానికి అడవి పులుల్ని వందల కిలోమీటర్లు మోసుకొస్తున్నాం. ఇంకో చోట వింత రంగును చిక్కబరచడానికి దగ్గరి బంధువుల్ని ఒకే బోనులో పెడుతున్నాం. రెండూ పులుల సంరక్షణే అని ఒకే దేశం చెప్పుకోవడం కుదరదు.

అమెరికాలోని ఫ్లోరిడా అనుభవం ఈ విషయాన్ని ఇంకాస్త దగ్గరగా చూపిస్తుంది. అక్కడి పాంథర్లు, అంటే ప్యూమా జాతి పిల్లులు, ఒక దశలో ముప్పైకి లోపు పడిపోయాయి. వాటి వీపు మీద వెంట్రుకలు ఎదురు తిరిగి సుడిలా నిలబడేవి, తోక చివర వంకర తిరిగి ఉండేది. చూసినవాళ్లు ఫ్లోరిడా పాంథర్‌కు అదే గుర్తు అనుకున్నారు. పరిశీలిస్తే అవే జంతువుల్లో గుండె లోపాలు, మగవాటిలో వృషణాలు కిందికి దిగకపోవడం, వీర్యం దెబ్బతినడం బయటపడ్డాయి. సుడీ వంకరా కూడా దగ్గరి సంబంధాల ఆనవాళ్లే. 1995లో టెక్సాస్ నుంచి 8 ఆడ ప్యూమాల్ని తెచ్చి వదిలారు. తర్వాతి తరాల్లో సుడులు, వంకర తోకలు తగ్గిపోయాయి, జంతువుల సంఖ్య వంద దాటింది. ఫ్లోరిడా వాళ్లు వీపు మీది సుడిని ఆకర్షణగా నిలబెట్టుకోవాలని చూడలేదు. జబ్బు లక్షణంగా చదివారు, మందు వేశారు. అమెరికా జూలు, అక్వేరియంల సంఘం 2011లో తన సభ్య జూలు తెల్లపులి లాంటి అరుదైన అంతర్గత లక్షణాల కోసం జంతువుల్ని పుట్టించకూడదని తీర్మానించడం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే. మోహినిని ఎంతో సంబరంగా తీసుకున్న దేశపు జూలే యాభై ఏళ్ల తర్వాత ఆ దారి తప్పని ఒప్పుకున్నాయి.

ఇక జూల నిర్వహణ తెలిసినవాళ్లు చెప్పే మాట ఒకటుంది. జనం రావాలి, డబ్బు రావాలి, ఆ డబ్బుతోనే మిగతా జంతువుల తిండీ వైద్యమూ నడవాలి, తెల్లపులి లేకపోతే గేటు దగ్గర రాబడి పడిపోతుంది. ఇది తీసిపారేయాల్సిన మాట కాదు, ఏనుగుకు మేతా సింహానికి మాంసమూ ఊరికే రావు. అయినా రెండు సంగతులున్నాయి. 1991లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి జూలను చట్టం కిందికి తెచ్చారు, 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడింది. 1998 జాతీయ జూ విధానం జూల ప్రధాన లక్ష్యం వన్యప్రాణుల సంరక్షణకు తోడ్పడటమేనని స్పష్టంగా చెప్పింది. వినోదం దానికి దారి మాత్రమే. రెండోది, తెల్లపులికి వాడుతున్న ప్రతి ఎన్‌క్లోజర్, ప్రతి కిలో మాంసం, ప్రతి పశువైద్యుడి గంట ఇంకో జంతువుకు దక్కకుండా పోతోంది. సంరక్షణ పెంపకానికి నిజంగా అవసరమున్న జంతువులు మన దేశంలో చాలా ఉన్నాయి. జనానికి ఏం చూపిస్తే దాన్నే చూస్తారు, దేని గురించి చెబితే దాన్నే ప్రేమిస్తారు. తెల్లపులి మీద ప్రేమ కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు, ఏళ్ల తరబడి పోస్టర్లు వేసి, పేర్లు పెట్టే వేడుకలు చేసి పెంచినదే. అదే శ్రమ వేరే జంతువు మీద పెడితే ఆ ప్రేమ అటూ పెరుగుతుంది.

ఆ వేరే జంతువు ఎవరో వెతుక్కుంటూ తెనాలి, రేపల్లె వాళ్లు దూరం పోనక్కర్లేదు. కృష్ణా నది సముద్రంలో కలిసే చోట, అటు దివిసీమ నుంచి ఇటు రేపల్లె దిగువన లంకెవానిదిబ్బ దాకా, మడ అడవులున్నాయి. 194 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం వాటిలోదే. 2022లో జిల్లాలు విడిపోయాక దానిలో రేపల్లె వైపు భాగం బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ఈ మడల్లో నీటిపిల్లి ఉంటుంది. ఇంటి పిల్లికి రెట్టింపు ఉంటుంది. ఒళ్లు బూడిద, ఆలివ్ ఆకుపచ్చ కలిసిన రంగు, దాని మీద వరసల్లో నల్లటి చుక్కలు, నుదుటి మీద నుంచి మెడ దాకా నల్లటి గీతలు. పాటు వచ్చి నీళ్లు వెనక్కి తగ్గాక బయటపడే బురద, మడ వేళ్ల నీడ, ఎండిన ఆకు, అన్నీ ఆ రంగులో ఉన్నాయి. రంగుకు తోడు ఆ బొచ్చు కట్టు కూడా చూడాలి. ఒంటికి ఆనుకుని పొట్టిగా, ఒత్తుగా ఒక పొర ఉంటుంది. నీళ్లలో మునిగినా చర్మం దాకా తడి వెళ్లనంత ఒత్తు. దాని మీద చుక్కల రంగున్న పొడుగు వెంట్రుకలు ఇంకో పొర. కాళ్ల వేళ్ల మధ్య కొద్దిగా చర్మపు పొర, ఈతలో చుక్కానిలా పనికొచ్చే పొట్టి తోక. పిల్లుల కుటుంబంలో నీళ్ల బతుక్కి ఇంతగా అమరిన ఒళ్లు ఇంకోటి దొరకడం కష్టం. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో పులితో సమానంగా దానికి రక్షణ ఉంది. ప్రపంచవ్యాప్తంగా దాన్ని ప్రమాదంలో పడిన జాతిగా లెక్కిస్తున్నారు. పశ్చిమ బెంగాల్ దాన్ని రాష్ట్ర జంతువుగా పెట్టుకుంది. తెనాలి డివిజన్‌లో దాని పేరు విన్న బడిపిల్లలు మాత్రం తక్కువ.

వినకపోవడం వల్ల నష్టం ఆ జంతువుకే. మడ అడవి అంచుల్లో రొయ్యల చెరువులు పెరిగాయి. చెరువు గట్టు మీద రాత్రిపూట ఏదో కదిలితే అది చిరుతపులి పిల్ల అనుకుని కర్రలు పట్టుకునేవాళ్లున్నారు, చేపలు తినేస్తోందని ఉచ్చులు పెట్టేవాళ్లున్నారు. ఇలాంటి వాళ్లకు జంతువు పేరూ, దాని స్వభావమూ, మనిషి జోలికి రాదన్న సంగతీ ముందే తెలిసి ఉంటే అందులో సగం జరగదు. చెప్పాల్సింది ఎవరు? జూలు చెప్పాలి, బడులు చెప్పాలి, అటవీ శాఖ చెప్పాలి. పిల్లలు వందల కిలోమీటర్లు వెళ్లి తెల్లపులిని చూసి వస్తుంటే, ఇంటి దగ్గరి మడలో బతికే నీటిపిల్లి గురించి ఏ బోర్డూ వాళ్లకు ఒక్క ముక్క చెప్పడం లేదంటే బాధ కలుగుతుంది. ఆ పిల్లల్లో కొందరు రేపు ఆ చెరువుల యజమానులవుతారు, ఆ గట్ల మీద కాపలా కాస్తారు.

అందుకే అడుగుతున్నది ఇదీ. హైదరాబాద్, విశాఖ, తిరుపతి జూలు తెల్లరంగు కోసం జతకట్టించడం ఆపుతున్నామని బహిరంగంగా చెప్పాలి. మగ, ఆడ తెల్లపులుల్ని, ఆ జన్యువును మోసే మామూలు రంగు వాటినీ విడివిడిగా ఉంచాలి, లేదా పిల్లలు కలగకుండా పశువైద్యులు ఏర్పాటు చేయాలి. ఒక జూ మరో జూకు తెల్లపులిని బదులుగా ఇచ్చి ఇంకో జంతువును తెచ్చుకునే పద్ధతి మానాలి. ఉన్న తెల్లపులుల ఎన్‌క్లోజర్ ముందున్న బోర్డు మీద మోహన్, రాధల కథ ఉన్నదున్నట్టు తెలుగులో రాయాలి. బోను లోపలి జంతువు చేసిన తప్పేమీ లేదు, దాన్ని చూడొద్దని ఎవరికీ చెప్పక్కర్లేదు. జూలో బాగా చూసుకున్న పులి పదిహేనేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్ల దాకా బతుకుతుంది. కాబట్టి ఇవాళ ఈ నిర్ణయం తీసుకున్నా, ఇప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లవాడు కాలేజీకి వెళ్లేదాకా తెల్లపులి జూలో ఉంటుంది. రాబడి ఒక్కరోజులో పడిపోతుందన్న భయానికి ఇందులో చోటు లేదు. ఆ వ్యవధిలో మడల నీటిపిల్లికి, నల్లమల పెద్దపులికి, కృష్ణజింకకు జూల్లో మంచి చోటు కల్పించవచ్చు. రేపల్లె, నిజాంపట్నం బడుల పిల్లల్ని ఏడాదికోసారి అటవీ శాఖ పడవల్లో మడల్లోకి తీసుకెళ్లవచ్చు. అందుకయ్యే ఖర్చు హైదరాబాద్ విహారయాత్ర ఖర్చులో చాలా తక్కువ వంతు.